మా చిన్నాయన దుకాణం షట్టర్

మొన్న ఉగాదికి ఊరెళ్లినప్పుడు నారాయణపేట బస్టాండ్ దగ్గర ఒక పిల్లగాడు మా చిన్నాయన దుకాణం షట్టర్ గీకుతూ కనిపించాడు. దుకాణాన్ని కర్రీ పాయింట్ వాళ్లకు కిరాయికిచ్చాడు చిన్నాయన. పాత రంగు తీసేసి కొత్తది కొట్టిస్తామన్నారట వాళ్లు. పిల్లగాడు ఇనుప పట్టీతో ఒకచోట గట్టిగా లాగేసరికి ముదురు నీలం పెచ్చు ఊడిపడింది. దాని కింద పసుపు. పసుపు కింద ఎరుపు. ఇంకా లాగితే గులాబీ, నారింజ, మళ్లీ ఇంకో రకం నీలం. అన్నిటికన్నా అడుగున మళ్లీ పసుపే, దాని మీద నల్లగా సగం 'ఎస్' అక్షరం.

బ్యాగు కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఆ రంగులన్నీ నాకు తెలుసు. ఏ రంగు ఏ ఏడు పడిందో, వేయించినవాడు మా దుకాణంలో ఎన్ని చాయ్‌లు తాగాడో కూడా చెప్పగలను.

అడుగున ఉన్న ఆ పసుపు 1996 నాటిది. చిన్నప్పుడు పోలియో వచ్చి చిన్నాయన ఎడమ కాలు సన్నబడింది. పీసీవోలు, అంటే డబ్బులిచ్చి ఫోన్ చేసుకునే బూత్‌లు, ఇచ్చేటప్పుడు వికలాంగులకు ముందు ఇచ్చేవాళ్లు, అట్లా ఆయనకు బూత్ వచ్చింది. దేశమంతటా ఆ పసుపు బోర్డులు పుట్టడం వెనక శామ్ పిట్రోడా అనే ఆయన ఉన్నాడనీ, 1984లో పెట్టిన సీ-డాట్ అనే సర్కారు టెలిఫోన్ పరిశోధన సంస్థ ఉందనీ నాకు ఇంజనీరింగ్‌కు వచ్చాక తెలిసింది. అప్పటిదాకా ఆ బోర్డును మా చిన్నాయనే కనిపెట్టాడనుకునేవాణ్ని.

బూత్‌లో ఒక అద్దాల గది, గదిలో స్టూలు, గోడకు మీటర్. మీటర్‌లో ఎర్ర అంకెలు. ఊరి జనానికి ఫోన్ కన్నా ఆ అంకెలంటేనే ఎక్కువ భయం. రాత్రి 11 దాటితే ఎస్టీడీకి, అంటే దూరపు ఊళ్లకు చేసే ఫోన్‌కు, పావు చార్జీ. అందుకని ధన్వాడ, ఊట్కూరు వైపు నుంచి వచ్చినవాళ్లు సాయంత్రం బస్సు దిగి, తెచ్చుకున్న రొట్టె తిని, బస్టాండ్ అరుగు మీద కునుకు తీసి, 11 కొట్టగానే మా దుకాణం ముందు వరుస కట్టేవాళ్లు. వాళ్లు చేసే ఫోన్లలో సగానికి పైగా బొంబాయికే. మా వైపు నుంచి ఎన్ని కుటుంబాలు కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట బొంబాయి, పూణే పోయాయో, బొంబాయి బస్సు వెళ్లే పొద్దు మా బస్టాండ్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూటలు, బిందెలు, గంపలు, సంకలో పిల్లలు.

అక్కడ వాళ్లకు ఫోన్ ఎక్కడిది? సైటు దగ్గరి కిరాణా కొట్టు నెంబరే. దాన్ని పీపీ నెంబర్ అనేవాళ్లు. ముందు ఫోన్ చేసి 'పాలమూరోళ్ల ఫలానా మనిషిని పిలువుండ్రి' అని హిందీలో చిన్నాయన చెప్పి పెట్టేయాలి. పది నిమిషాలాగి మళ్లీ చేయాలి. ఒక అవ్వ నాకు బాగా గుర్తుంది. కొడుక్కి ఏం చెప్పాలో వరుసలో కూర్చుని గొణుక్కుంటూ తయారయ్యేది. ఎద్దు అమ్మిన సంగతి, మనవరాలికి జ్వరం సంగతి, మేస్త్రీ బాకీ సంగతి. తీరా లైన్ కలిసేసరికి మీటర్ వైపు చూస్తూ "తిన్నవా బిడ్డా... తిన్నవా... ఏం తిన్నవ్?" అని మూడుసార్లు అరిచి పెట్టేసింది. ప్రింటర్ 'జుయ్' అని చీటీ ఇచ్చింది. ఆమె ఆ చీటీని పారేయలేదు. కొంగున ముడేసుకుంది. ఎందుకవ్వా అంటే, "పిల్లగాని మాట కదరా అయ్యా" అంది.

అప్పటికే దేశంలో సెల్‌ఫోన్ వచ్చేసి ఏడాది. 1995 జూలై 31న కలకత్తాలో బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడింది మొదటి కాల్. నిమిషానికి 16 రూపాయల దాకా పడేదట, పైగా ఎవరన్నా మనకు చేసినా మనమే కట్టాలి. మా ఊళ్లో బంగారం షాపులవాళ్లు ఒకరిద్దరి దగ్గర ఇటుకముక్కంత ఫోన్లు ఉండేవి. వాళ్లు వాటిని చెవికి పెట్టుకున్నది తక్కువ, చేతిలో పట్టుకుని నడిచింది ఎక్కువ.

మా దుకాణం పసుపు మీద మొదటి దెబ్బ 2003లో పడింది. ఆ ఏడు మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. జూలైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ వాళ్లు 501 రూపాయలు కట్టు, ఫోన్ పట్టుకుపో అన్నారు. 'కర్ లో దునియా ముట్ఠీ మే' అని టీవీలో ఒకటే మోత. దునియాను పిడికిట్లో పెట్టుకొమ్మంటున్నాడని చిన్నాయన తర్జుమా చేసి చెప్తే, పక్కన చెప్పులు కుట్టే తాత "ముందుగాల 501 పిడికిట్ల ఉండాలె గద" అన్నాడు. అయినా జనం కొన్నారు. నెల నెలా బిల్లు కట్టాలన్న సంగతి చాలామందికి నెల తిరిగాకే బుర్రకెక్కింది, అది వేరే కథ.

బూత్‌లో మీటర్ చప్పుడు తగ్గింది. రాత్రి 11 గంటల వరుస పలచబడింది. చిన్నాయన వారం రోజులు ముభావంగా ఉండి, ఎనిమిదో రోజు మహబూబ్‌నగర్ పోయి సెల్ రీచార్జ్ స్క్రాచ్ కార్డుల కట్ట తెచ్చుకున్నాడు. బూత్ అద్దాల గదిలో స్టూలు తీసేసి, అందులో ఫోన్ పౌచ్‌లు వేలాడగట్టాడు. తన గల్లాపెట్టెను దెబ్బకొట్టిన దాన్నే తెచ్చి కౌంటర్ మీద పెట్టుకున్నాడు. ఆయనకు దాని మీద కోపం ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతే షట్టర్‌కు రంగులు మొదలయ్యాయి. ఒకరోజు నిచ్చెన, డబ్బాలు పట్టుకుని ఇద్దరు దిగారు. షట్టర్‌కు ఫ్రీగా రంగు వేస్తాం, పైన బోర్డు పెడతాం, కరెంటు లైటు కూడా మాదే అన్నారు. చిన్నాయన మురిసిపోయాడు. నీలం వేశారు. మా దుకాణం పేరు ఒక మూలకు, ఆవగింజంత. మిగతాదంతా కంపెనీదే. ఏడాది తిరక్కుండా హచ్ అనే ఇంకో సెల్ కంపెనీ వాళ్లు వచ్చి నారింజ వేస్తామన్నారు, కొంతకాలానికి వాళ్లే తమ రంగు మార్చుకుని గులాబీ డబ్బా పట్టుకొచ్చారు. 2007 సెప్టెంబర్‌లో హచ్ వొడాఫోన్ అయింది. మళ్లీ నిచ్చెన, ఈసారి ఎరుపు. టీవీలో బుజ్జి కుక్క గులాబీ రంగు గూట్లోంచి బయటికి పోయి ఎర్ర గూట్లోకి తిరిగొస్తుంది, అంతే యాడ్. వేల కోట్ల బేరాన్ని అంత సులువుగా చెప్పడం చూసి ఇప్పటికీ ముచ్చటేస్తుంది నాకు. ఆ కుక్క జాతి పేరు పగ్ అని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. దాన్ని హచ్ కుక్క అనేవాళ్లు. కంపెనీ పేరు పోయి ఇన్నేళ్లయినా ఇప్పటికీ అది హచ్ కుక్కే.

దుకాణం మాదే, గోడ మాదే, కానీ యుద్ధం మాత్రం వాళ్లది. ఒకసారి రెండు కంపెనీల కుర్రాళ్లు ఒకే పొద్దున వచ్చారు. ఒకడు వెలిగే బోర్డు తెచ్చాడు, రెండోవాడు అంతకన్నా అడుగు పెద్దది తెచ్చాడు. ఇద్దరూ టైలు కట్టుకుని, చెమటలు కక్కుతూ, నువ్వు తీయి అంటే నువ్వు తీయి అని పోట్లాడుకున్నారు. చిన్నాయన ఇద్దరికీ చాయ్ తెప్పించి, "బోర్డు ఏదైనా పెట్టుండ్రి గానీ, లోపల ట్యూబ్‌లైట్ కొట్టేసింది, అది కూడ జెర మార్చుండ్రి" అన్నాడు. ఇద్దరూ చెరొకటి తెచ్చారు. ఆ రెండో ట్యూబ్‌లైట్ మా ఇంటి వంటగదిలో చాన్నాళ్లు వెలిగింది.

టార్గెట్ కొడితే బహుమతులు. నెలకు ఇన్ని కొత్త సిమ్‌ల యాక్టివేషన్లు చేస్తే గోడ గడియారం, అన్ని చేస్తే హాట్‌బాక్సు, ఇంకా చేస్తే వెండి బిళ్ల. పెద్ద ఊళ్ల డీలర్లు బ్యాంకాక్ పోయొచ్చారని చెప్పుకునేవాళ్లు, మా చిన్నాయన గడియారాల దగ్గరే ఆగిపోయాడు. మా ఇంట్లో మూడు కంపెనీలవి మూడు గోడ గడియారాలు ఉండేవి, ఏ రెండూ ఒకే టైము చూపేవి కావు. నానమ్మ మసీదులో అజా వినే పొయ్యి ముట్టించేది.

గోడల సంగతి ఇంకా తమాషా. రోడ్డు పక్క ఇల్లు ఉంటే చాలు, కంపెనీ వాళ్లు వచ్చి ఆ వైపు గోడ మొత్తం ఫ్రీగా రంగేసి పోయేవాళ్లు. ఇందాక చెప్పిన అవ్వ ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ఒక దసరాకు ముందు ఐడియా వాళ్లు పసుపు వేసిపోయారు. సున్నం ఖర్చు తప్పిందని ఆమె సంబరపడింది. మరుసటి ఏడు ఎరుపు వేయడానికి ఇంకొకరు వచ్చేసరికి అడ్డం కూర్చుంది. దుకాణానికి వచ్చి చిన్నాయనకు మొరపెట్టుకుంది. "ఎర్రది ఒద్దు నాయినా. పసుపే ఎయ్యమను. పండుగపూట గోడ పసుప్పచ్చగుంటే ఎంత కళ!" చిన్నాయన ఎరుపు కంపెనీ కుర్రాణ్ని బతిమాలాడు. అతను తల పట్టుకున్నాడు. కోట్ల రూపాయలు పోసి జనం కళ్లల్లో నింపాలనుకున్న రంగు ఆ ఇంటి దగ్గర గడప పసుపు ముందు ఓడిపోయింది.

ఫోన్లలో మా దుకాణాన్ని నిలబెట్టింది నోకియా 1100. 2003 చివర్లో వచ్చింది. దానికి కెమెరా లేదు, రంగుల తెర లేదు, ఉన్నదల్లా నెత్తిన టార్చి, దుమ్ము దూరని కీప్యాడ్. ఇండియా కోసమే చేశామని యాడ్‌లో చెప్పుకున్నారు. చాలా యాడ్‌లలో అది ఉత్త మాటే, ఇందులో మాత్రం కాదు. మా వైపు వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్లు. ఒంటిగంటకు లేచి బావి దగ్గరికి పోయి మోటార్ వేయాలి. దారిలో పురుగూ పుట్రా. ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో బ్యాటరీ లైటు, మరి స్టార్టర్ డబ్బా ఏ చేత్తో తీయాలి? 1100 వచ్చాక ఫోన్‌ను పళ్లతో కరిచి పట్టుకుని, ఆ వెలుగులో ఫ్యూజు వైరు చుట్టిన రైతుల్ని నేను చూశాను. మా నాయన ఫోన్‌కు పైఅంచున పంటిగాట్లు ఉండేవి. అతిశయోక్తి కాదు, ఆ ఫోన్ ఇంకా నా దగ్గరుంది. 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందట ప్రపంచంలో.

2007 ఆగస్టులో ఒక వారం మాత్రం మా దుకాణం ఆస్పత్రిలా మారింది. బీఎల్-5సీ అనే బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశం ఉందని నోకియా తనే ప్రకటించింది. జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన ఒక విడత బ్యాటరీలు అవి, కావాలంటే ఉచితంగా మార్చిస్తామంది. టీవీలో అది 'పేలుతున్న ఫోన్లు' అయి కూర్చుంది. జనం ఫోన్లను తువ్వాలలో చుట్టి, చేతికి దూరంగా పట్టుకుని తెచ్చారు. ఒకాయన బకెట్లో పెట్టుకుని తెచ్చాడు, నీళ్లు లేవు, నయం. బ్యాటరీ వెనక 26 అక్షరాల కోడ్ ఉంటుంది. నేను సెలవులకు వచ్చి ఉన్నాను కాబట్టి భూతద్దంతో ఆ కోడ్ చదివే పని నాది. రోజంతా చదివి చదివి కళ్లు మండాయి. తమాషా ఏంటంటే, మా దగ్గరికొచ్చిన బ్యాటరీల్లో సగానికి కోడే లేదు. అవి అసలు ఆ కంపెనీవే కావు, డూప్లికేట్లు. "డూప్లికేటా? అమ్మయ్య, ఐతే పేలదు!" అని ఒక పెద్దమనిషి హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు.

మాకు ఇంకో పీడ రోమింగ్. కర్ణాటక మాకు కూతవేటు. కృష్ణ స్టేషన్ వైపు పోతే నది అవతల రాయచూరు జిల్లా. ఇంటి వాకిట్లో కూర్చుంటే ఆంధ్రా సిగ్నల్, గొడ్ల కొట్టంలోకి పోతే కర్ణాటక సిగ్నల్. 'కర్ణాటకకు స్వాగతం' అని మెసేజ్ వచ్చిందంటే బ్యాలెన్స్‌లోంచి ఎంతో కొంత పోయినట్టే. "నేను యాడికీ పోలే, బర్రెకు గడ్డి ఏస్తున్న" అని ఒక కంపెనీ కస్టమర్ కేర్ అమ్మాయితో మా మేనత్త వాదించింది. సిస్టంలో మీరు కర్ణాటకలో ఉన్నట్టు చూపిస్తోంది మేడం, అంటుంది ఆ అమ్మాయి. చివరికి మేనత్త ఆ కొట్టంలోకి పోయేముందు ఫోన్‌ను తులసి గద్దె మీద పెట్టి పోవడం అలవాటు చేసుకుంది.

ఇక మిస్డ్ కాల్. దాన్ని ఏ కంపెనీ కనిపెట్టలేదు, ఏ యాడ్‌లోనూ చెప్పలేదు. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే క్షేమంగా చేరినట్టు. రెండు రింగులిస్తే నువ్వు చేయమని. బొంబాయి వాళ్లు దసరాకో పీర్ల పండుగకో వచ్చినప్పుడు ఇంట్లో ఈ లెక్క నేర్పి పోయేవాళ్లు. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ వాళ్లు దేశమంతా నిమిషానికి ఒక్క రూపాయే అనేదాకా బొంబాయి మాటలన్నీ ఈ రింగుల్లోనే నడిచాయి. ఒక్క పైసా రాకుండా తమ టవర్ల మీద ఇంత ముచ్చట నడుస్తుంటే ఆ కంపెనీల లెక్కలోళ్లకు నిద్ర పట్టిందో లేదో.

2009 అంత సందడి ఏడాదిని చిన్నాయన మళ్లీ చూడలేదు. జూన్‌లో టాటా డొకోమో వచ్చి సెకనుకు పైసా అంది. అంతకుముందు నిమిషం మీద మూడు సెకన్లు మాట్లాడినా రెండు నిమిషాల డబ్బులు కోసేవాళ్లు. 57, 58 చూసుకుని మాట మధ్యలోనే ఫోన్ పెట్టేయడం అందరికీ అలవాటైపోయింది. "మూడు పైసలకు మూడు సెకన్లా? ఉల్లిగడ్డలు తూకమేసినట్టున్నదే" అన్నాడు చిన్నాయన. కొన్ని నెలల్లోనే మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఎయిర్‌సెల్, యూనినార్ అని కొత్త పేర్లు దిగాయి. సిమ్‌లు పూలమాలల్లా దండలుగా వేలాడేవి. ఫ్రీగా సిమ్ ఇచ్చి, లోపల టాక్‌టైం ఎక్కువ ఇచ్చేసరికి జనం రీచార్జ్ చేయడం మానేసి కొత్త సిమ్ కొనుక్కుని, అది అయిపోతే విరిచి పారేసేవాళ్లు. మా దుకాణం ముందు ఊడ్చినప్పుడు విరిగిన సిమ్‌లు దోసెడు వచ్చేవి. ఆ ఏడు ఐపీఎల్ దక్షిణాఫ్రికాలో జరిగింది. మధ్యలో వొడాఫోన్ వాళ్ల యాడ్‌లలో జూజూలు. తెల్లగా, గుడ్డు తలకాయలతో. అవి బొమ్మలని నేను, మనుషులని మా తమ్ముడు పందెం కాసి, నేను ఓడిపోయి సమోసాలు కొనిచ్చాను. నిజంగానే లోపల మనుషులే.

అదే ఏడు చైనా ఫోన్ల గోల. రెండు సిమ్‌లు, నాలుగు స్పీకర్లు, టీవీ యాంటెన్నా, పెళ్లి బారాత్‌లో డీజే అక్కర్లేనంత మోత. వాటిలో చాలావాటికి ఐఎంఈఐ నెంబర్ ఉండేది కాదు. అట్లాంటి ఫోన్లను నవంబర్ 30 అర్ధరాత్రి నుంచి ఆపేయాలని సర్కారు ఆర్డర్. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొట్టి చూడటం మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా నేర్చుకున్నారు. 199 రూపాయలు కడితే అసలు నెంబర్ ఎక్కించే ఏర్పాటు కూడా పెట్టారు. ఫోన్‌కు ఆధార్ లాంటిది అన్నమాట, మనుషులకు ఆధార్ రాకముందే. గడువు రోజు రాత్రి దాకా చిన్నాయన అన్నం తినలేదు. బయట వరుస, పాత పావు చార్జీ రోజుల్లో లాగా.

మనవాళ్ల ఫోన్లూ వచ్చాయి. మైక్రోమ్యాక్స్ వాళ్ల మొదటి పెద్ద హిట్ ఎక్స్1ఐ, 30 రోజులు చార్జింగ్ ఆగుతుందని అమ్మారు. బెంగాల్‌లో ఒక పల్లెలో లారీ బ్యాటరీ మీద ఫోన్ బూత్ నడుపుతున్న మనిషిని చూసి ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకాయనకు ఆ ఆలోచన వచ్చిందట. చిన్నాయనకు ఆ సంగతి చదివి వినిపిస్తే, "ఆ బూతాయన నాకన్న తెలివిగల్లోడు" అన్నాడు.

నిజానికి అప్పటికే రీచార్జ్‌ల మీద మిగిలేది చాయ్ ఖర్చుకే. దుకాణాన్ని నడిపింది మెమొరీ కార్డులు. కంప్యూటర్ పెట్టి, కార్డు నిండా పాటలు ఎక్కిస్తే 20 రూపాయలు. బొంబాయి బస్సు వెళ్లే రోజు పొద్దున్నుంచీ పోరగాళ్లు వచ్చేవాళ్లు. ఒకడికి తెలుగు పాటలు, ఒకడికి భజనలు, ఒకడికి మాత్రం మా ఊరి పీర్ల పండుగ డప్పు చప్పుడు కావాలి. అది నా ఫోన్లో రికార్డు చేసి ఉంది. ఎక్కించి ఇచ్చాను. డబ్బులు తీసుకోవద్దని చిన్నాయన సైగ చేశాడు.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు సెల్ కంపెనీల 122 లైసెన్సులు రద్దు చేసింది. దండల్లోని కొన్ని పేర్లు అట్లా రాలిపోయాయి. అంతకు ఏడాది ముందే నెంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం రావడంతో, 'పోర్ట్ కొట్టుకుంటా' అని బెదిరించడం మా ఊళ్లో అల్లుళ్ల అలక కన్నా ఎక్కువైంది.

నోకియా పోవడం మాత్రం చిన్నాయనకు మింగుడుపడలేదు. 2013 సెప్టెంబర్‌లో ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు చెప్పారు. మరుసటి ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పెద్ద అయ్యాడు. ఈ రెండు వార్తలూ చిన్నాయన బుర్రలో కలిసిపోయి, హైదరాబాద్‌లో చదివిన మనోడే నోకియాను కొన్నాడని ఊరంతా చెప్పాడు. బేరం ఆయన రాకముందే కుదిరింది బాబూ అన్నా వినడే. "మనోడు కొన్నడు కద, మరి బ్యాటరీలు దొరుకుతయా?" ఆ కొన్న బేరాన్ని 2015లో 760 కోట్ల డాలర్ల నష్టం కింద రాసేసుకున్నారని చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. షోకేస్‌లో ఒక 1100 డబ్బా మిగిలి ఉండేది. దాన్ని అమ్మకుండా పక్కన పెట్టాడు.

2014లో షావోమి వచ్చింది. దానికి గోడ మీద రంగు లేదు, షట్టర్ మీద పేరు లేదు, చాయ్ తాగడానికి కుర్రాడు కూడా రాలేదు. ఎంఐ 3 ఫోన్ 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే, అదీ ముందు పేరు రాయించుకుని. ఆ టైముకు మా దుకాణం కంప్యూటర్ చుట్టూ డిగ్రీ పిల్లలు మూగి పేజీని మళ్లీ మళ్లీ తెరిచే ఎఫ్5 బటన్ అరగ్గొట్టేవాళ్లు. క్షణాల్లో అయిపోయేది. "రేషన్ షాపుల కిరసనాయిలుకు క్యూ చూసిన గానీ, 14 వేలు పెట్టి కొనేటోడు కూడ బతిమాలుడు ఏందిరా" అని చిన్నాయన నివ్వెరపోయాడు. నాకు అప్పుడే అర్థమైంది, ఇక మా షట్టర్‌తో ఎవరికీ పని లేదని.

ఒక్కసారి మాత్రం పని పడింది. 2016 సెప్టెంబర్ 5న జియో. డిసెంబర్ దాకా అన్నీ ఫ్రీ, తర్వాత మార్చి దాకా పొడిగించారు. ముదురు నీలం పెయింట్ అప్పుడే పడింది. వేలిముద్ర పెడితే సిమ్ వచ్చేస్తుంది. ఆ మిషన్ మా దుకాణంలోనూ పెట్టారు. బొంబాయి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు వచ్చేవాళ్లు, ఏళ్ల తరబడి సిమెంటు మాలు ఎత్తిన చేతులు. బొటనవేలు పెడితే మిషన్ ఎర్ర లైటు. చూపుడు వేలు పెడితే ఎర్ర లైటు. చిన్నాయన ఒకామె చేతిని తువ్వాలతో తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి, ఒక్కో వేలూ పెట్టించాడు. పదో వేలుకు, ఎడమచేతి చిటికెన వేలుకు, పచ్చ లైటు వచ్చింది. ఆమె ఆ చిటికెన వేలును కాసేపు అట్లాగే చూసుకుంది.

ఆ తర్వాత మా గల్లాపెట్టెలోకి పెద్దగా ఏమీ రాలేదు. రీచార్జ్ ఎవరి ఫోన్లో వాళ్లే చేసుకుంటున్నారు. ఎయిర్‌సెల్ పోయింది, డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిసింది. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. పేపర్లో దాన్ని పెద్ద వార్తగా వేశారు. మా షట్టర్ మీద ఆ ఎరుపు, ఆ పసుపు అప్పటికి ఎన్నేళ్ల నుంచో ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

మొన్న పిల్లగాడు గీకుతుంటే చిన్నాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊడిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూశాడు, జొన్నరొట్టె ముక్కంత మందం. ఏదో పాత ముచ్చట ఎత్తుతాడనుకున్నాను.

"ఇన్ని కంపెనీలొచ్చినయ్. ఒక్కడన్న పాతది గీకి, ప్రైమర్ కొట్టి ఏసిండా?" అన్నాడు.

ఇప్పుడాయన ఫోన్లో రోజుకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, పైసా కోత ఉండదు. ప్యాక్ నేనే వేయిస్తాను. అయినా నాకు ఎప్పుడూ నేరుగా ఫోన్ చేయడు. ఇది రాస్తుండగానే రెండు రింగులిచ్చి కట్ చేశాడు. నేను చేయాలి.